చదువు ఆగిపోయిన బిడ్డ నిలబెట్టిన బడి: పొణకా కనకమ్మగారి జీవితం



ప్రతి ఏడూ మన సాంస్కృతిక సంఘం సంచికలో మన పెద్దల గురించే రాసుకుంటున్నాం. వేట పద్ధతులు, మందు మొక్కలు, తాతలు పాడిన పాటలు, ఊళ్లు మారిన కథలు చెప్పుకుంటున్నాం. ఈసారి మన కులంలో పుట్టని ఒక స్త్రీ జీవితాన్ని ఇందులో చేర్చాం. ఆమె పేరు పొణకా కనకమ్మ. నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పేరు వినని వాళ్లు ఉండరు. ఆ బడిని స్థాపించిన మనిషి ఎవరని అడిగితే మాత్రం మనలో చాలామందిమి తడుముకుంటాం.

ఆమె భూములున్న రెడ్ల ఇంటి ఆడబిడ్డ. మన తాతలు అలాంటి భూముల్లో కాపలా ఉన్నారు, కూలికి పోయారు. అలాంటప్పుడు ఆమె గురించి మనమెందుకు చదవాలని మీరు అడగొచ్చు. సంఘంలో మేమూ ఆ మాట మీద చాలాసేపు చర్చించుకున్నాం. చివరికి అందరం ఒప్పుకున్నది ఒకటి ఉంది. పదేళ్లు నిండకముందే పెళ్లి చేస్తే చదువు ఆగిపోయిన పిల్ల ఆమె. మన కాలనీల్లో ఏడో తరగతి దగ్గరో, తొమ్మిదో తరగతి దగ్గరో బడి మానేస్తున్న పిల్లల్ని మనం రోజూ చూస్తున్నాం. చదువు ఆగిపోయిన పిల్ల ఆ తర్వాత ఏం చేయగలదో కనకమ్మగారి జీవితం చూపిస్తుంది. అందుకే రాస్తున్నాం.

మినగల్లు నుంచి పొట్లపూడికి

కనకమ్మగారు 1892 జూన్ 10న నెల్లూరు జిల్లా మినగల్లులో పుట్టారు. తండ్రి మరుపూరు కొండారెడ్డి, తల్లి కామమ్మ. ఇంట్లో తిండికి, గుడ్డకు లోటు లేదు. కానీ ఆ రోజుల్లో కలిగిన ఇళ్లలో కూడా ఆడపిల్లకు చదువు అవసరమని ఎవరూ అనుకోలేదు. వీధిబడిలో అక్షరాలు దిద్దుకుని, నాలుగు పద్యాలు నేర్చుకుంటే అదే ఎక్కువ. ఆ కాస్త చదువైనా సాగుతుండగానే పొట్లపూడికి చెందిన పొణకా సుబ్బరామిరెడ్డిగారితో ఆమెకు పెళ్లి చేశారు.

పెళ్లితో బడి అయిపోయింది. చదవాలన్న కోరిక మాత్రం పోలేదు. పెద్ద ఇంటి కోడలికి ఉండే పనులు, కట్టుబాట్లు అన్నీ ఉండగానే దొరికిన పుస్తకమల్లా చదివారు. తెలుగు గట్టిగా పట్టుకున్నారు, సంస్కృతం నేర్చుకున్నారు, తర్వాతి కాలంలో హిందీ కూడా నేర్చారు. పరీక్ష రాయలేదు, సర్టిఫికెట్ లేదు. అయినా పెద్దయ్యాక పద్యాలు రాశారు, సభల్లో మాట్లాడారు, ఒక విద్యాలయాన్ని నడిపారు.

ఇక్కడ మీరు ఒక సంగతి గమనించాలి. ఆమెకు తీరిక ఉంది, పుస్తకాలు కొనుక్కునే డబ్బుంది. పొద్దున్నే ఎండ్రకాయల వేటకో, రొయ్యల గుంటల దగ్గర పనికో పోయే మన పిల్లకు ఆ రెండూ లేవు. కాబట్టి ఆమె నేర్చుకుంది కదా, నువ్వెందుకు నేర్చుకోలేవని మిమ్మల్ని నిలదీయడానికి ఈ కథ చెప్పడం లేదు. తనకున్న తీరికను, డబ్బును ఆమె ఏం చేశారన్నదే మనకు ముఖ్యం. ఆ రోజుల్లో అలాంటి ఇళ్లు జిల్లాలో చాలానే ఉన్నాయి. ఆడపిల్లల బడి కోసం ఇంతగా తెగించినవి తక్కువ.

ఒక పల్లెలో సమాజం, గ్రంథాలయం

1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర తీర పట్టణాల్లో తిరిగి ఉపన్యాసాలిచ్చారు. వందేమాతరం ఉద్యమం గాలి అప్పుడే మన వైపు కూడా వీచింది. విదేశీ గుడ్డ మానాలి, మన బళ్లు మనమే పెట్టుకోవాలి అన్న మాటలు పల్లెలకు చేరాయి. కనకమ్మగారికి అప్పటికి పదిహేనేళ్లు.

ఆ తర్వాతి ఏళ్లలో పొట్లపూడిలో సుజనరంజనీ సమాజం ఏర్పడింది. వివేకానందుడి పేరుతో ఒక గ్రంథాలయం కూడా పెట్టారు. కనకమ్మగారు, ఆమె బంధుమిత్రులు కలిసి చేసిన పని ఇది. పల్లెటూళ్లో గ్రంథాలయమంటే ఈనాటి లెక్కలో ఏమంత గొప్ప అనిపించవచ్చు. ఆ కాలంలో పల్లె జనానికి పుస్తకం దొరకడమే కష్టం. పత్రిక వస్తే ఒకరు చదువుతుంటే పదిమంది చుట్టూ కూర్చుని వినేవాళ్లు. ఆ పదిమందిలో చదవడం రానివాడికి కూడా దేశంలో ఏం జరుగుతోందో తెలిసేది. సమాజం పని పుస్తకాల దగ్గరే ఆగలేదు. అంటరానివాళ్లని ఊరు దూరంగా పెట్టిన వాడల్లోకి వెళ్లి కూడా వాళ్లు పనిచేశారు. ఒక పెద్ద రైతు ఇంటి కోడలు ఆ పని చేస్తే ఊళ్లో ఎన్ని నోళ్లు లేచి ఉంటాయో మీరే ఊహించుకోండి.

వయసులో ఉన్నప్పుడు ఆమెకు తుపాకీ దారి మీద కూడా మనసు పోయింది. బ్రిటిషువాళ్లను ఆయుధంతోనే తరమాలని నమ్మిన విప్లవకారులతో ఆమెకు పరిచయాలుండేవి. తర్వాత గాంధీజీ దారిలోకి వచ్చారు. వచ్చాక ఇక వెనక్కి చూడలేదు.

పెన్నా ఒడ్డున ఆశ్రమం

మైపాడు సముద్రం తెలిసిన వాళ్లకు ఇందుకూరుపేట తెలుసు. ఆ మండలంలోనే పెన్నా ఒడ్డున పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ అక్కడికి వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. పినాకిని అంటే మన పెన్నానే. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య ఆశ్రమం నడపడానికి పూనుకున్నారు. ఆశ్రమానికి భూమి సమకూరడంలో కనకమ్మగారి చెయ్యి పెద్దది. దక్షిణాఫ్రికాలో గాంధీజీతో కలిసి పోరాడిన పార్సీ వర్తకుడు రుస్తుంజీ ఇచ్చిన విరాళంతో అక్కడ భవనం లేచింది. ఎక్కడి దక్షిణాఫ్రికా, ఎక్కడి పల్లిపాడు! సముద్రం అవతల మన దేశపు కూలీల హక్కుల కోసం పోరాడిన మనిషి సొమ్ము మన పెన్నా ఒడ్డున గోడలై నిలిచింది.

ఆశ్రమంలో నూలు వడికారు, ఖద్దరు నేశారు. కులం తేడాలు లేకుండా కలిసి ఉండాలన్నది అక్కడి నియమం. ఇప్పుడు వింటే మామూలు మాటే. 1921లో మన జిల్లాలో ఆ నియమం పెట్టుకుని బతకడమంటే బంధువులతో, ఊరితో, ఒక్కోసారి ఇంట్లోవాళ్లతో కూడా పేచీ పెట్టుకోవడమే.

బడి పుట్టిన కథ

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1923లో కనకమ్మగారు నెల్లూరులో ఆడపిల్లల కోసం ఒక బడి పెట్టారు. గాంధీజీ భార్య కస్తూరిబా పేరు మీద దానికి కస్తూరిదేవి విద్యాలయం అని పేరు పెట్టారు. అది జాతీయ పాఠశాలల కాలం. సర్కారు ఇచ్చే డబ్బు మీద ఆధారపడకుండా, పుస్తకాల చదువుతోపాటు రాట్నం, హిందీ నేర్పే బళ్లు అక్కడక్కడా వెలుస్తున్నాయి. అంతకు ముందటేడే గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు ఆడవాళ్ల కోసం శారదానికేతనం తెరిచారు. కందుకూరి వీరేశలింగంగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టి అప్పటికి యాభై ఏళ్లు కావస్తోంది. ఆ యాభై ఏళ్లలో మాటలు చాలా జరిగాయి. బళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి.

బడి పెట్టడం ఒక ఎత్తు, దాన్ని నడపడం పది ఎత్తులు. పిల్లల్ని పంపమని ఇంటింటికీ తిరగాలి. ఈడొచ్చిన పిల్లను వీధిలోకి ఎలా పంపుతామని అడిగే పెద్దలకు జవాబు చెప్పాలి. పాఠం చెప్పే ఆడవాళ్లు దొరకాలి, వాళ్లకు జీతాలివ్వాలి, నెల తిరిగేసరికి అద్దె కట్టాలి. విరాళం కోసం చెయ్యి చాచాలి. ఇచ్చేవాళ్ల మర్యాదలూ పడాలి, ఇవ్వనివాళ్ల మాటలూ పడాలి. మన కాలనీలో సాయంత్రం ట్యూషన్ కోసం ఒక షెడ్డు వేయించడానికి మనం ఎన్నిచోట్లకు తిరిగామో మీకు గుర్తుంది కదా. దాన్ని వందరెట్లు చేసి చూసుకోండి.

1929 మే నెలలో గాంధీజీ ఖద్దరు నిధి కోసం ఆంధ్ర దేశమంతా తిరుగుతూ నెల్లూరు వచ్చారు. అప్పుడు కస్తూరిదేవి విద్యాలయం భవనానికి ఆయన చేతులమీదుగా శంకుస్థాపన జరిగింది. ఆ ఏడే కేంద్ర శాసనసభలో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని ఆ చట్టం చెప్పింది. పదేళ్లు నిండకముందే పెళ్లయిన పిల్ల, ఆ చట్టం వచ్చేనాటికి ముప్ఫై ఏడేళ్ల మనిషి. చట్టం వచ్చేదాకా ఆమె ఆగలేదు, అంతకు ఆరేళ్ల ముందే బడి తెరిచారు.

ఆ రోజుల్లో ఆడవాళ్ల హక్కులు ఎక్కడున్నాయో కూడా తెలుసుకుందాం. మద్రాసు రాష్ట్రంలో 1921లో ఆడవాళ్లకు ఓటు వచ్చింది. అయితే ఆస్తి ఉన్నవాళ్లకే. ఆస్తి ఆడవాళ్ల పేరు మీద ఉండేది కాదు కాబట్టి ఆ ఓటు చాలా కొద్దిమందికే దక్కింది. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టారు. మన అవ్వలకు ఓటు రావడానికి మాత్రం రాజ్యాంగం రావాల్సి వచ్చింది. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో ఆస్తి ఉందా, చదువుందా అని అడగకుండా అందరికీ ఓటిచ్చారు.

జైలు గోడల లోపల

1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలైంది. ఉప్పు మనకు కొత్తగా చెప్పాల్సిన సరుకు కాదు. మన తీరం పొడుగునా ఉప్పు కొఠార్లున్నాయి, అక్కడ చెమటోడ్చిన కుటుంబాలు మనలో ఉన్నాయి. సముద్రం ఇచ్చే ఉప్పు మీద పన్ను వేసిన సర్కారును ఎదిరించి దేశమంతా కదిలింది. నెల్లూరు జిల్లాలో ముందు వరుసలో నిలిచిన స్త్రీలలో కనకమ్మగారు ఒకరు. అరెస్టయి రాయవేలూరు జైలుకు వెళ్లారు. 1932లో శాసనోల్లంఘన మళ్లీ లేచినప్పుడు మళ్లీ జైలుకు వెళ్లారు.

గడప దాటి బయట తిరగడమే తప్పనుకునే ఇళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు అప్పుడు పోలీసు వ్యానెక్కారు. కోర్టులో నిలబడ్డారు, శిక్ష విన్నారు, జైలు తిండి తిన్నారు. జైల్లో వేరువేరు కులాల ఆడవాళ్లు ఒక్కచోట ఉన్నారు. అక్షరం వచ్చినవాళ్లు రానివాళ్లకు నేర్పారు. బయటికి వచ్చేసరికి వాళ్లలో భయం పోయింది. ఇంటి పెద్దలు కూడా వాళ్లను మునుపటిలా చూడలేకపోయారు.

నెల్లూరు జిల్లాలో జమీందార్ల కింద నలిగిన రైతుల గొంతుగా జమీన్ రైతు పత్రిక వచ్చింది. నెల్లూరు వెంకట్రామానాయుడుగారు దాన్ని నడిపారు. ఆ పనికి కూడా కనకమ్మగారి అండ ఉంది. భూములున్న ఇంటినుంచి వచ్చి జమీందారీకి ఎదురు నిలిచిన పక్షాన చేరడం చిన్న విషయం కాదు.

కష్టాల ఏళ్లు

ఇంతవరకూ చదివితే అన్నీ విజయాలే అనిపిస్తుంది. అలా అనుకుంటే పొరపాటు. ఉద్యమం కోసం, ఆశ్రమం కోసం, బడి కోసం ఖర్చు పెట్టీ పెట్టీ ఇంటి ఆస్తి కరిగిపోయింది. ఒకప్పుడు ఎంతోమందికి అన్నం పెట్టిన ఇల్లు ఇబ్బందుల్లో పడింది. అంతకన్నా పెద్ద దెబ్బ కూతురు పోవడం. ఒక్కగానొక్క బిడ్డ వెంకటసుబ్బమ్మ చిన్న వయసులోనే కన్నుమూసింది. వేలమంది ఆడపిల్లల భవిష్యత్తు కోసం తిరిగిన తల్లికి సొంత బిడ్డ దక్కలేదు.

ఆ దుఃఖంలో ఆమె అరుణాచలం వెళ్లి రమణ మహర్షిని ఆశ్రయించారు. అక్కడి ప్రశాంతత ఆమెను మళ్లీ నిలబెట్టింది. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మగారితో కలిసి పద్యాలు రాశారు. ఇద్దరు స్త్రీలు జంటగా కవిత్వం రాయడం తెలుగులో చాలా అరుదు. జంట కవులంటే తిరుపతి వేంకట కవుల్లాంటి మగవాళ్లనే తలుచుకునే రోజులవి.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక పదవుల కోసం పోటీ మొదలైంది. జైలుకు వెళ్లిన చాలామంది మంత్రులయ్యారు, సభ్యులయ్యారు. కనకమ్మగారు అటు పోలేదు. చివరి ఏళ్లలో తన జీవితాన్ని కాగితం మీద పెట్టారు. 1963 సెప్టెంబర్ 15న కన్నుమూశారు.

ఆమె రాసుకున్న ఆత్మకథ వెంటనే అచ్చు కాలేదు. దాదాపు అర్ధశతాబ్దం తర్వాత, 2011లో, కనకపుష్యరాగం అనే పేరుతో పుస్తకంగా వచ్చింది. డాక్టర్ కె. పురుషోత్తం దాన్ని వెలుగులోకి తెచ్చారు. ఇన్నేళ్లూ ఆ కాగితాలు ఎవరూ దాచకపోతే, చెదలు తినేస్తే, ఈ కథలో సగం మనకు తెలిసేది కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాం.

సముద్రం అవతల ఇలాంటి మరో స్త్రీ

కనకమ్మగారిలాంటి ఆడవాళ్లు లోకంలో మరికొన్ని చోట్ల కూడా అదే కాలంలో లేచారు. ఆఫ్రికాలోని నైజీరియాలో 1900లో పుట్టిన ఫున్మిలాయో రాన్సమ్ కుటి అలాంటి మనిషే. అబెయోకుటా పట్టణంలోని పెద్ద బడిలో చేరిన మొదటి ఆడపిల్ల ఆమె. టీచరయ్యాక చదువుకున్న ఆడవాళ్లతో ఒక సంఘం పెట్టారు. తర్వాత సంతలో కూరగాయలు, బియ్యం అమ్ముకునే ఆడవాళ్లను కూడా అందులో చేర్చుకున్నారు. వాళ్లకు రాయడం, చదవడం నేర్పే తరగతులు పెట్టారు. అక్షరాలు వచ్చాక ఆ ఆడవాళ్లు తమ మీద వేస్తున్న పన్నుల గురించి అడగడం మొదలుపెట్టారు. వేలమంది ఆడవాళ్లు రాజుగారి కోట ముందు కూర్చున్నారు. 1949లో ఆ రాజు కొంతకాలం గద్దె దిగాల్సి వచ్చింది, ఆడవాళ్ల మీద పన్ను ఆగింది.

అంత దూరం వెళ్లక్కరలేదు. మన జిల్లాలోనే దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్షర దీపం తరగతుల్లో కూర్చుని చదువు నేర్చుకున్న కూలి ఆడవాళ్లు సారా అంగడిని మూయించారు. రోసమ్మగారి పేరు అప్పుడే రాష్ట్రమంతా మోగింది. ఆ పోరాటం జిల్లా దాటి పాకి, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అబెయోకుటాలోనూ దూబగుంటలోనూ వరస ఒకటే. ముందు అక్షరం వచ్చింది, తర్వాత ప్రశ్న వచ్చింది, ఆ తర్వాత హక్కు వచ్చింది.

అదే కాలంలో మనం ఎక్కడున్నాం

ఇప్పుడు మనసుకు కష్టమైన మాట ఒకటి చెప్పుకోవాలి. కస్తూరిదేవి విద్యాలయం తలుపులు తెరిచిన ఆ ఏళ్లలోనే మన జాతి మెడ మీద నేరస్థ జాతుల చట్టం ఉంది. 1871లో బ్రిటిషువాళ్లు తెచ్చిన ఆ చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో కూడా అమలైంది. ఎరుకలవాళ్లతోపాటు యానాదుల్లో కొందరిని కూడా దాని కింద లెక్కకట్టారు. పుట్టుకతోనే దొంగ అన్న ముద్ర వేశారు. పోలీసు దగ్గర వేలిముద్రలు వేయాలి, ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. మన జిల్లాలోనే కావలిలో, కప్పరాళ్ళతిప్పలో సెటిల్‌మెంట్లు పెట్టి మనుషుల్ని అందులో ఉంచారు. ఒకే జిల్లా, ఒకే కాలం. ఒకచోట ఆడపిల్లల చేతికి పలక ఇస్తుంటే, ఇంకోచోట పెద్దవాళ్ల చేత వేలిముద్ర వేయిస్తున్నారు.

వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల కోసం సంఘం కూడగట్టి ఆ చట్టం పోవాలని ఏళ్ల తరబడి పోరాడారు. మద్రాసు రాష్ట్రంలో అది 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయినా అనుమానం చూపు అంత తొందరగా పోలేదని మీకూ తెలుసు, మాకూ తెలుసు.

కనకమ్మగారి బడి మొదటి రోజుల్లో మన పిల్లల కోసం పుట్టింది కాదు. అది దాచిపెట్టాల్సిన పని లేదు. కానీ ఆమె తెరిచిన దారి మన దాకా వచ్చింది. ఆమె 1923లో బడికి పెట్టిన కస్తూరిబా పేరే 2004లో కేంద్ర ప్రభుత్వం ఆడపిల్లల హాస్టల్ బళ్లకు పెట్టింది. అవే మన కేజీబీవీలు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు. వాటిలో కనీసం నూటికి 75 సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఆడపిల్లలవి. మధ్యలో బడి మానేసిన పిల్లను మళ్లీ తీసుకొచ్చి కూర్చోబెట్టడం కోసమే అవి పుట్టాయి. గిరిజన గురుకులాలు కూడా మన కోసం ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు ప్రతి బిడ్డకూ ఉచిత చదువు హక్కు. పద్దెనిమిదేళ్లు నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేస్తే 2006 చట్టం ప్రకారం నేరం. కనకమ్మగారి చిన్నప్పుడు ఇవేవీ లేవు.

అయినా మన పిల్లలు బడి మానేస్తున్నారు. ఎందుకో మనకు తెలుసు. అమ్మానాన్న పనికోసం వేరే ఊరు పోతే పిల్ల వెంట పోతుంది. చిన్న తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోతుంది. కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ లేక సీటు చేజారుతుంది. తరగతిలో ఎవరో ఒక మాట అంటే చిన్నబుచ్చుకుని మళ్లీ గడప తొక్కదు. పెళ్లీడు వచ్చిందని ఎవరో సంబంధం తెస్తారు. వీటిలో ఏ ఒక్కటీ ఆ పిల్ల తప్పు కాదు.

మనం చేయగలిగినవి

కనకమ్మగారి జీవితం చదివాక ఆమె ఫొటోకు దండ వేసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. మా సంఘం తరఫున మీ ముందు మూడు పనులు పెడుతున్నాం.

మొదటిది, మీ కాలనీలో బడి మానేసిన పిల్లల లెక్క తీయండి. పేరు, ఏ తరగతిలో ఆగింది, ఎందుకు ఆగింది అన్నవి ఒక నోటుబుక్కులో రాయండి. కాగితం లేక ఆగిన పిల్ల ఉంటే ఆ కాగితం కోసం మనం కలిసి సచివాలయానికి పోదాం. ఒక్కరుగా పోతే రేపు రమ్మంటారు, పదిమంది పోతే ఆ రోజే వింటారు.

రెండోది, కాలనీకి ఒక పుస్తకాల అర పెట్టండి. పొట్లపూడిలో గ్రంథాలయం మొదలైంది కూడా కొద్దిమంది పూనికతోనే. ఒక పెట్టె, యాభై పుస్తకాలు, వారానికి రెండు సాయంత్రాలు తెరిచే ఒక మనిషి ఉంటే మొదలుపెట్టవచ్చు. ఇంటర్ చదివిన అక్కలు చిన్నపిల్లల చేత గట్టిగా చదివించండి. చదవడం రాని అవ్వలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

మూడోది, మీ అవ్వల, తాతల జీవితాలు రాయండి. కనకమ్మగారు తన కథ తనే రాసుకున్నారు కాబట్టి ఈరోజు మనం ఇలా మాట్లాడుకోగలుగుతున్నాం. మన అవ్వలకు రాయడం రాదు. శ్రీహరికోట దీవి వదిలి వచ్చిన రోజులు, పులికాట్‌లో చేపల వేట, తుపాను రాత్రులు, పాము కాటుకు వాళ్లకు తెలిసిన మందు, సెటిల్‌మెంట్‌లో ఉన్న ముత్తాతల మాటలు అన్నీ వాళ్ల నోట్లోనే ఉన్నాయి. ఫోను తీసి రికార్డు చేయండి, తర్వాత కాగితం మీద పెట్టండి. వచ్చే ఏడు సంచికలో వాటిని వేస్తాం.

ఈ సంచిక చదువుతున్న చెల్లెళ్లకు చివరగా ఒక మాట. నీ చదువు ఒకసారి ఆగిందని అంతటితో అయిపోయిందనుకోవద్దు. ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి, ఇంటర్ మళ్లీ రాయవచ్చు. ఏడాది పోయినా, రెండేళ్లు పోయినా, పెళ్లయినా, ఒడిలో బిడ్డ ఉన్నా రాయవచ్చు. తమ్ముళ్లకు కూడా ఒక మాట. ఇంట్లో అక్క చదువు ఆపి నిన్ను చదివిస్తుంటే, ఆ ఆపడం సరైనదేనా అని ఇంట్లో గట్టిగా అడుగు.

మినగల్లులో ఒక చిన్నపిల్ల చేతిలోంచి పలక తీసేశారు. ఇరవై ఏళ్లు దాటాక ఆ పిల్లే నెల్లూరులో ఆడపిల్లల చేతికి పలకలిచ్చింది. ఆమె పెట్టిన బడి పేరు నూరేళ్లు దాటినా మన నెల్లూరులో వినబడుతూనే ఉంది. ఆ బడి వైపు వెళ్లినప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆమెను తలుచుకోండి. ఇంటికి తిరిగి వచ్చాక కాలనీలో ఆగిపోయిన పిల్ల ఎవరో చూడండి.

మీ
సంపాదక వర్గం